పందికొక్కు గీసిన గీత

ఉత్తర కార్తె, మొదటి వారం

ఈ పొద్దు ఎండపలకలు తుడవడం నా వంతు. వేడిగంట మోగేలోగా గని పైకెక్కి, పలకల మీది దుమ్మంతా పొడిగుడ్డతో దులిపి, మళ్లీ కిందికి దిగిపోవాలి. ఆ తర్వాత సాయంత్రం దాకా మా ఊరు ఎర్రదిన్నెలో ఎవరూ తల పైకెత్తరు. బండను తొలిచిన గనుల్లోనే ఇళ్లు, గనుల్లోనే బడి, గని అడుగున పెద్దబావి. బయట ఎండకు గుడ్డు నేల మీద పెడితే ఉడుకుతుంది.

చివరి వరుస తుడుస్తుండగా మద్దిలేటి వస్తూ కనిపించాడు. మద్దిలేటి నా మేనమామ కొడుకు, నా మొగుడు. ఊరికి బావుల కావలిదారు. చుట్టుపక్కల పాత బావులన్నీ తిరిగి నీళ్లు ఎంత ఉన్నాయో చూసి రావడం ఆయన పని. ఆయన నడకలోనే ఏదో తేడా ఉంది.

"సిద్దులబాయి పోయింది" అన్నాడు.

"పోయిందంటే?"

"సుక్క ల్యాదు. మొన్న పోయినపుడు మోకు సగం తడిసింది. ఈ పొద్దు బొక్కెన యిడిస్తే కింద రాయి మోగింది."

పునర్వసు కార్తెలో కానుగలబావి కూడా ఇట్లాగే, ఒక్క వారంలో ఎండిపోయింది. మిగతా బావుల్లో నీళ్లు ఎప్పటి మట్టంలోనే ఉన్నాయి. కరువైతే అన్నీ తగ్గాలి.

"అదేనంటావా బావా?"

"ఇంకేముంటాది?" అన్నాడు మద్దిలేటి. ఇద్దరం దాని పేరు ఎత్తలేదు.

పేరు రాయడానికేం గానీ, దాన్ని అందరూ పందికొక్కు అంటారు. ఊళ్లింకా నేల మీద ఉన్న కాలంలో, దూరపు నది నీళ్లను సొరంగంలో ఇటు తేవాలని ఒక యంత్రాన్ని భూమిలోకి దింపారట. మనిషి తోడు లేకుండా రాయిని తొలుచుకుంటూ, అరిగిన పళ్లను తానే మార్చుకుంటూ పోతుంది. ఆ నది ఎండింది. దింపినవాళ్లు పోయారు. అది ఆగలేదు. అది నడిచిన దారి పొడుగునా భూమిలోని జలలు తెగి, నీళ్లన్నీ దాని సొరంగంలోకి జారి, ఎటో వెళ్లిపోతాయి. దాన్ని కళ్లతో చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. ఎండిన బావులను చూసినవాళ్లే.


ఉత్తర కార్తె, రెండో వారం

బడిలో పెద్దపిల్లలకు సరళరేఖ పాఠం మొదలుపెట్టే వేళ ఇదే. ఎప్పుడూ ఏదో పుస్తకంలోని లెక్క ఇచ్చేదాన్ని. ఈసారి గోడమీది పటం దగ్గరికి తీసుకుపోయాను.

మా బడి గోడ ఒకే పెద్ద నల్ల పలకరాయి. దానిమీద గడులు గీసిన పటం ఉంది. ఒక గడి అంటే ఒక కోసు దూరం. ఎడమ కింది మూల సున్నా. తూర్పుకు పోయేది అడ్డం, ఉత్తరానికి ఎక్కేది నిలువు. కానుగలబావి అడ్డం నాలుగు, నిలువు ఐదు. సిద్దులబావి అడ్డం ఆరు, నిలువు తొమ్మిది. రెండుచోట్లా సుద్దతో చుక్కలు పెట్టించాను.

"అడ్డం ఎంత జరిగింది?"

"రెండు" అన్నారు.

"నిలువు ఎంత లేచింది?"

"నాలుగు."

"ఒక గడి జరిగితే రెండు గడులు లేస్తోంది. దీన్నే వాలు అంటారు. వాలు రెండు. ఇది తెలిస్తే సగం పని అయినట్టే. ఇప్పుడు కానుగలబావి తీసుకోండి. అడ్డం నాలుగు. దానికి రెండింతలు ఎంత?"

"ఎనిమిది."

"కానీ బావి నిలువు ఐదే కదా. అయితే ఎంత తీసేయాలి?"

"మూడు."

గోడమీద రాశాను.

నిలువు = 2 × అడ్డం − 3

"సిద్దులబావితో సరిచూడండి" అన్నాను. ఆరుకు రెండింతలు పన్నెండు, మూడు తీసేస్తే తొమ్మిది. సరిపోయింది. పిల్లలు సంతోషపడ్డారు. వెనక వరుసలోంచి ఒక పిల్ల లేచింది.

"టీచరమ్మా, ఏ రెండు బాయిలు తీసుకున్యా మధ్యలో గీత వస్తాది గదా. అది ఈ దారినే పోతాందని ఎట్ల సెప్పేది?"

మంచి ప్రశ్న. రెండు చుక్కలుంటే గీత ఎప్పుడూ వస్తుంది, మూడో చుక్క దానిమీద పడితేనే నమ్మాలి, అని చెప్పాను. ముందుకు లెక్క వేయమన్నాను. అడ్డం ఎనిమిది వేస్తే నిలువు పదమూడు వచ్చింది. అక్కడ జువ్విబావి ఉంది. ఇంకా ముందుకు పొమ్మన్నాను.

అడ్డం పది. రెండింతలు ఇరవై. మూడు పోతే పదిహేడు.

ఎవరూ పైకి చదవలేదు. మా ఊళ్లో పిల్లలకు పేరు తర్వాత నేర్పేది ఆ రెండంకెలే. పది, పదిహేడు. ఎక్కడ దారి తప్పినా పటం చూసి ఇంటికి రావడానికి. అది మా పెద్దబావి ఉన్న చోటు.

ఆ పిల్ల నిలబడే ఉంది. కూర్చోమని చెప్పి, సుద్ద కింద పెట్టాను.


హస్త కార్తె

ఉరుకుందప్పకు చెప్పాను. మా నాయనకు తమ్ముడి వరస, ఊరి పెద్ద. గని లోపలి చల్లని మూలలో కూర్చుని కొర్రలు చెరుగుతున్నాడు.

"రెండు బాయిలు ఎండినాయని గీత గీసి, ఊరినంతా బెదిరిస్తావా పాపా?"

"బెదిరించడంలే చిన్నాయనా. మూడో బాయి దాకా సూద్దామనే అంటాండా. జువ్విబాయి ఎండితే మాత్రం..."

"ఎండకుంటే?"

"ఎండకుంటే నా గీత తప్పు. పిల్లోళ్ల ముందర తప్పని సెప్తా."

చేట పక్కన పెట్టాడు. "నీ గీత తప్పు కావల్లని ఆ సుంకులమ్మకే మొక్కుకుంటా" అన్నాడు. అది దేవత పేరూ, నా పేరూ కాబట్టి ఇద్దరం నవ్వాం.

నేనూ అదే కోరుకున్నాను. ఇన్నేళ్లలో ఒక లెక్క తప్పు కావాలని కోరుకోవడం ఇదే మొదలు.


అనూరాధ కార్తె

జువ్విబావి ఎండింది.

మద్దిలేటి చెప్పినా నమ్మక నేనూ వెళ్లాను. బావి లోపలి నుంచి చల్లటి గాలి పైకి తోస్తోంది. గాలి వస్తోందంటే అడుగున ఏదో తెరుచుకుందన్న మాట. గడ్డపార ముక్క ఒకటి వేశాడు మద్దిలేటి. రాయికి తగిలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అది ఇంకా దొర్లుకుంటూ, దొర్లుకుంటూ ఎటో పోయింది. ఆ చప్పుడు ఎక్కడ ఆగిందో మాకు తెలియలేదు.

వచ్చే దారిలో దొరబావి చూశాం. గీతకు కోసు దూరంలో ఉంది. అది పూర్తిగా ఎండలేదు, సగానికి దిగింది. గీత మీద ఉంటే మొత్తం, కోసు దూరమైతే సగం, కోసున్నర అవతల ఏమీ కాదు. ఇదీ గుర్తుంచుకోవలసిన విషయమే.

కానుగలబావి నుంచి సిద్దులబావికి ఎంత కాలం పట్టిందో, అక్కడి నుంచి జువ్విబావికీ సుమారుగా అంతే పట్టింది. అంతే దూరంలో తర్వాత ఉన్నది మేము. శ్రవణం కార్తె నాటికి పెద్దబావి కిందికి వస్తుంది.

రాత్రి అన్నాల దగ్గర ఉరుకుందప్ప ఏమీ తినలేదు. నా మొహం మాత్రం చూశాడు.


జ్యేష్ఠ కార్తె

ముందుకు గీసిన గీతను వెనక్కి కూడా గీయాలి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఏదైనా ఉపాయం దొరుకుతుందేమోనని పాత ఎండుబావుల సంగతి దారిన పోయే ఉప్పువాళ్లను అడిగి, చుక్కలు పెడుతూ వచ్చాను.

సరిపోలేదు. అడ్డం ఒకటి, నిలువు రెండు దగ్గర ఒక ఎండుబావి ఉంది. నా గీత ప్రకారం అడ్డం ఒకటి దగ్గర నిలువు సున్నాకు కిందికి పోవాలి. అడ్డం మూడు, నిలువు మూడు దగ్గర ఇంకొకటి ఉంది. ఇది మాత్రం గీతమీదే పడింది. యంత్రాన్ని భూమిలోకి దింపిన పాత సొరంగం నోరు పటం అంచు దాటి, ఎడమకు మూడు గడుల అవతల, నిలువు సున్నా దగ్గర ఉంది. ఆ నోటినీ, ఈ రెండు పాత బావులనూ కలిపితే చక్కటి గీత వచ్చింది. కానీ అది వేరే గీత. రెండు గడులు జరిగితే ఒక్క గడి మాత్రమే లేస్తుంది. వాలు సగం.

నిలువు = అడ్డంలో సగం + 1½

పందికొక్కు మొదట ఆ గీతమీద నడిచింది. అడ్డం మూడు, నిలువు మూడు దగ్గర మెడ తిప్పినట్టు తిరిగి, మా గీత ఎక్కింది. తిరగకుండా ఉంటే మాకు ఎన్నో కోసుల దక్షిణంగా పోయేది. మా బావికి ఏమీ అయ్యేది కాదు.

దానంతట అది తిరగదు. తిరిగితే గీతలే వచ్చేవి కావు.

పాత గీతను కొంచెం ముందుకు పొడిగించాను. అడ్డం ఐదు, నిలువు నాలుగు. ఆ గడిలో ఒక ఊరు ఉంది. తంగేడుమిట్ట.

మద్దిలేటి నా వెనక నిలబడి చూస్తున్నాడు. "నేను పోయొస్తా" అన్నాడు.


మూల కార్తె

మద్దిలేటి వచ్చాడు. పెదాలు పగిలిపోయాయి. నీళ్లు తాగి, కొంచెం సేపు గోడకు చేరగిలబడి, ఆ తర్వాత చెప్పాడు.

తంగేడుమిట్ట ఊరిపెద్ద పేరు కంబగిరి. మర్యాదగానే చూశాడట, అన్నం పెట్టాడట. పందికొక్కు మాట ఎత్తేసరికి లేచి, బయటికి పోయి, మళ్లీ వచ్చి కూర్చున్నాడట.

"వాళ్లే తిప్పినారు" అన్నాడు మద్దిలేటి. "దాన్ని సేసినోళ్లు దానికొక బుద్ధి పెట్టినారంట. పైన మనుషులు పనిసేస్తా నేల గుద్దితే, వాళ్లను తొక్కకుండా పక్కకు తప్పుకుంటాది. వీళ్లు కొత్త బోరు కోసమని బండ గుద్దుతాంటే అది తిరిగింది. సంగతి తెలిసినాక ఊరంతా రోకళ్లు తీసుకొని బండమీద పడినారు. ఆడోళ్లు, మొగోళ్లు, ముసిలోళ్లు. అది తిరిగిపోయేదాకా."

"మన మీదికి వస్తాదని వాళ్లకు తెల్సా?"

"నేనూ అదే అడిగితి. తెలీదన్యాడు."

"నిజమేనా?"

"నిజమే సెప్పినాడు. 'యాటికి పోతాదో గీత గీసి సూసుకోలేదా అన్నా' అంటి. 'గీస్తే తెలిసిపోతాది గదా నాయనా, అందుకే గీయలేదు' అన్యాడు."

కంబగిరి మీద నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఇంకొకటి కూడా వచ్చింది. మా ఊళ్లోనూ ఇంటింటికీ రోకలి ఉంది.


పూర్వాషాఢ కార్తె

ఇప్పుడు దాని చప్పుడు వినిపిస్తోంది. బండమీద ఇత్తడి బిందె బోర్లించి చెవి ఆనిస్తే, లోపల తుమ్మెద చిక్కుకున్నట్టు రొద. ఎక్కడ రొద ఎక్కువగా ఉంటే దాని కిందే అది ఉన్నట్టు. నిన్న అడ్డం తొమ్మిది, నిలువు పదిహేను దగ్గర దొరికింది. ఇంకా గీత మీదే ఉంది.

ఊరంతా బడిలో కూడింది. గోడమీద అందరికీ అర్థమయ్యేట్టు గీసి చూపాను.

దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పలేం. కుడివైపు నేలంతా నల్లరేగడి, రోకలి పోటును మింగేస్తుంది. బండ ఉన్నది మా గనుల వైపే. ఇక్కడి నుంచి గుద్దితే అది కుడికి, తూర్పు వైపుకు తిరుగుతుంది. ఎంత గుద్దితే అంత తిరుగుతుంది.

"వాలు రెండు నుంచి ఒకటికి తగ్గేదాకా గుద్దుదాం" అన్నాను. "అప్పుడు గీత మన బాయికి సుమారు కోసు దూరంలో పోతాది. మన నీళ్లు కొంత తగ్గుతాయి, శానా అయితే సగం. బతకొచ్చు. ఇంకా గుద్దితే అది ఇంకా కుడికి వాలి, ఇదో, ఈడికి పోతాది."

అడ్డం పద్నాలుగు, నిలువు పద్దెనిమిది. చౌటిపల్లె.

"వాలు ఒకటి కాడ ఆపితే చౌటిపల్లెకు కోసున్నర అవతల పోతాది. వాళ్లకేమీ కాదు."

"సగం నీళ్లు మనం పోగొట్టుకోవల్లనా? వాళ్లకేమీ కాకూడదా?" ఎవరో అడిగారు.

"మనకు సగం పోతాది. వాళ్లకైతే మొత్తం పోతాది."

ఉరుకుందప్ప లేచాడు. "తంగేడుమిట్టోళ్లు మనకు సేసింది మనం ఇంగొకరికి సేయొద్దు. సుంకులమ్మ ఆపమన్నపుడు ఆపల్ల. ఇది నా మాట" అన్నాడు. అందరూ సరే అన్నారు. నేను చూశాను, ప్రతి ఒక్కరూ తలూపారు.

పొద్దు వాలగానే రోకళ్లు లేచాయి. ఇద్దరికొక రోకలి, వంతులవారీగా. దంపుళ్ల పాట ఎవరో ఎత్తుకున్నారు గానీ రెండు చరణాలు దాటలేదు. పాట ఆగాక పోటు ఒక్కటే మిగిలింది.


శ్రవణం కార్తె

ఈ పొద్దు బిందె అడ్డం పది, నిలువు పదహారు దగ్గర మోగింది. రెండుసార్లు సరిచూశాను, మద్దిలేటి చేత కూడా వినిపించాను. తొమ్మిది నుంచి పది, పదిహేను నుంచి పదహారు. ఒకటి జరిగింది, ఒకటి లేచింది. వాలు ఒకటి.

దంపుతున్నచోటికి పరుగెత్తాను. "ఆపండి! తిరిగింది, ఆపండి!" అని అరిచాను.

ఎవరూ ఆపలేదు.

వినపడలేదేమోనని ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెప్పాను. నా వైపు చూశారు. చేతులు మాత్రం లేస్తూ దిగుతూనే ఉన్నాయి. నా చిన్నమ్మ కూతురి రోకలి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుంది. "నేనొక్కదాన్నే ఆపితే ఏమొస్తాదక్కా?" అంది.

అసలు కారణం పొద్దున్నే జరిగింది. పెద్దబావిలో ఒక మెట్టు బయటపడింది. ఇన్నేళ్లలో ఎవరూ చూడని మెట్టు, పాచి పట్టి నల్లగా. తగ్గుతాయని నేను ముందే చెప్పాను. అందరూ తలూపారు. కానీ చెప్పిన తగ్గుదల వేరు, కళ్లతో చూసిన మెట్టు వేరు.

ఉరుకుందప్ప దగ్గరికి పోయాను. "చిన్నాయనా, మాట ఇచ్చినావు."

"ఇచ్చినా" అన్నాడు. "ఆపినాక అది మళ్లీ ఎనక్కి తిరిగితేనో?"

"తిరగదు. గుద్దడం ఆపితే నేరుగా పోతాది. జువ్విబాయి దాకా నేరుగానే వచ్చింది గదా."

"నీకు తెలుసు. నాకూ తెలుసు. ఆ మెట్టు సూసినోళ్లకు ఎట్ల సెప్పల్ల?" ఆయనా దంపి వచ్చినట్టున్నాడు, అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.


ధనిష్ఠ కార్తె

దంపుతూనే ఉన్నారు. నేను రోజూ పోయి చెప్తున్నాను. ఇప్పుడు నన్ను చూడగానే పిల్లలు కూడా తల తిప్పుకుంటున్నారు. బడికి ఎవరూ రావడం లేదు, అందరికీ వంతులున్నాయి.

పెద్దబావిలో ఇంకో మెట్టు బయటపడి, అక్కడ ఆగింది. నీళ్లు మూడోవంతు పోయాయి. ఇక తగ్గవు. పందికొక్కు మమ్మల్ని దాటిపోయింది. అయినా ఆపడం లేదు. ఎందుకని మద్దిలేటిని అడిగాను. "ఆపితే వినాల్సొస్తాది గదా, అది యాటికి పోయిందో" అన్నాడు.


పూర్వాభాద్ర కార్తె

చివరికి చేతులు ఆడక, రోకళ్లు విరిగి, దంపుడు ఆగింది. ఆ నిశ్శబ్దంలో బిందె పట్టుకుని నేనూ మద్దిలేటీ తూర్పుకు పోయాం. అడ్డం పన్నెండు, నిలువు పదిహేడు దగ్గర రొద దొరికింది.

అక్కడే నేలమీద పుల్లతో వేశాను. పది నుంచి పన్నెండు, రెండు జరిగింది. పదహారు నుంచి పదిహేడు, ఒకటి లేచింది. వాలు సగం. పన్నెండులో సగం ఆరు, పదిహేడు రావాలంటే పదకొండు కలపాలి.

నిలువు = అడ్డంలో సగం + 11

మూడో చుక్క కావాలి, రెండు చాలవు, అని నాకు నేను చెప్పుకుంటూనే అడ్డం పద్నాలుగు వేశాను. ఏడు, పదకొండు. పద్దెనిమిది.

మద్దిలేటి నేలమీది అంకె చూశాడు. కాలితో చెరపబోయి, ఆగాడు.

సాయంత్రం బడి గోడమీద కొత్త గీత గీస్తుంటే ఉరుకుందప్ప వచ్చాడు. గీత పటంలో మా ఊరి చుక్కకు దిగువగా పోయి, పన్నెండు దాకా వచ్చింది.

"ఆడ ఆపు" అన్నాడు.

"ఇంకా ఉండాది చిన్నాయనా."

"ఉండనీ. అవతలికి గీయాకు." గొంతు తగ్గించాడు. "మన పిల్లోళ్లు ఈ గోడ దినామూ సూస్తారు పాపా."

సుద్ద నా చేతిలోనే ఉంది. పద్నాలుగు దాకా గీశాను. ఆయన అడ్డు రాలేదు. వెనుదిరిగి, గోడ పట్టుకుని, మెల్లగా దిగిపోయాడు. తెల్లవారుజామున చౌటిపల్లెకు బయలుదేరుతున్నాం. ఎవరికీ చెప్పలేదు.


పూర్వాభాద్ర కార్తె, చౌటిపల్లె

చౌటిపల్లెకు పెద్ద ఒక ఆడమనిషి, మాబున్ని. నాకంటే పెద్దది, జుట్టు నెరిసింది. వేడిగంటకు కొంచెం ముందు చేరాం. నీడకు పిలిచి, కాళ్లకు నీళ్లిచ్చింది. వద్దన్నాను. ఆ నీళ్లు మా కాళ్లమీద పోసుకోవడానికి మనసొప్పలేదు.

"మాబున్నక్కా, మీ బాయి కిందికి పందికొక్కు వస్తాండాది. అశ్విని కార్తె లోపల వస్తాది."

"ఇటు పక్క ఎప్పుడూ రాలేదే?"

"మేమే తిప్పినాం" అన్నాను. మద్దిలేటి తల వంచుకున్నాడు. నేను మొత్తం చెప్పాను, తంగేడుమిట్ట నుంచి మొదలుపెట్టి. చేతులెత్తి ఆపమన్నది, ఎవరూ ఆపనిది, అన్నీ. వాళ్ల గోడమీద చుక్కలు పెట్టి, గీత గీసి, వాలు ఎట్లా కట్టాలో చూపాను. ఆమె ఒకసారికే పట్టేసింది. తనే సుద్ద తీసుకుని ఇంకోసారి వేసింది. అదే అంకె వచ్చింది.

సుద్ద కింద పెట్టింది.

"రోకళ్లతో తిరుగుతాదంటావు."

"తిరుగుతాది."

"మాకు బండ ఉండేది ఉత్తరం పక్కనే. అంటే అది దక్షిణానికి పోతాది." నా వైపు తిరిగింది. "దక్షిణం పక్క బండ ఉంటే మీ ఊరి మీదికే తిప్పేదాన్ని, సుంకులమ్మా. నువ్వొచ్చి సెప్పినావు, అబద్ధం సెప్పను."

"సెప్పాకు" అన్నాను.

"దక్షిణంగా ఎవురుండారు?"

నాకు తెలియదు. మా పటం అక్కడ ఖాళీ. వాళ్ల పటమూ ఖాళీ. ఉప్పువాళ్లు అటువైపు పొగ చూశామన్నారని ఎవరో అన్నారు. పొగ ఉంటే పొయ్యి ఉంటుంది. పొయ్యి ఉంటే బావి ఉంటుంది.

"మేం పోయి సూసొస్తాం అక్కా. యాడ ఎవురుండారో తెలిస్తే, ఎంత తిప్పితే ఎవురికీ తగలదో లెక్క సేయొచ్చు. నాలుగు దినాలు ఆగండి. అది ఇంకా దూరంలోనే ఉండాది, టైముంది."

"నాలుగు దినాలు" అంది మాబున్ని. ఊరివాళ్ల వైపు చూసింది. వాళ్లంతా మా చుట్టూ చేరి ఉన్నారు. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. ఒక ముసలావిడ మాత్రం ముందుకొచ్చి నా చేతులు తిప్పి అరచేతులు చూసింది. బొబ్బలు లేవు. వదిలేసింది.

"ఆగుతాం. ఇది మా మాట" అంది మాబున్ని. అందరూ తలూపారు.


పూర్వాభాద్ర కార్తె, దారిలో

ఇది ఒక రాతిగుండు నీడలో కూర్చొని రాస్తున్నాను. ఎండ తగ్గితే మళ్లీ నడవాలి.

చీకటి ఉండగానే చౌటిపల్లె వదిలాం. మాబున్ని రెండు నీళ్ల తిత్తులు నింపి ఇచ్చింది. నేల మొదట బండ, ఊరు దాటగానే మందంగా మన్ను. నేను ముందు, మద్దిలేటి వెనక. దూరంగా దక్షిణాన నిజంగానే ఒక సన్నటి పొగ లేచింది. "అదో" అన్నాడు మద్దిలేటి. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఒకే పొగ కాదు. కొంచెం పక్కన ఇంకొకటి ఉంది.

ఊరు దాటి కోసు దూరం కూడా వచ్చి ఉండం. ముందు నాకే తెలిసింది, చెవికి కాదు, అరికాళ్లకు. నిలబడిపోయాను. మద్దిలేటి చెప్పులు విడిచి ఉత్తకాళ్లతో నిలబడ్డాడు.

లోతున ఎక్కడో బండ అదురుతోంది. ఒక పోటు. ఇంకొకటి. ఆ తర్వాత లెక్కలేనన్ని, ఒకదానిమీద ఒకటి.

వెనక్కి పోయి ఆపమని అడగాలా అనుకున్నాను. ఎవరి రోకలి పట్టుకోను? ముందుకు చూశాను. ఆ రెండు పొగల్లో ఏది గీతమీద ఉందో చెప్పలేను. అది ఇంకా తిరగడం మొదలుపెట్టలేదు. గీతే లేదు ఇంకా.

"రెండింటికీ పోవల్ల" అన్నాను.

"నువ్వు ఆ పక్కది పో. నేను ఈ పక్కది" అన్నాడు మద్దిలేటి. ఇన్నేళ్లలో నేను ఎండలో ఒక్కదాన్నే నడిచింది లేదు. ఒక తిత్తి నా భుజానికి తగిలించి, సుద్దముక్కను రెండుగా విరిచి, ఒక ముక్క తీసుకున్నాడు. గుండు నీడ దాకా కలిసే వచ్చాం. పొద్దు వాలుతోంది. ఆయన చెప్పులు తొడుక్కుంటున్నాడు.